గుర్రం మీద మగ్గం

ఆ రోజుల్లో సర్కారు నౌకరీకి కావలసినవి రెండే అనుకునేవాళ్లం: చదువు ఉన్నట్టు ఒక కాగితం, మనిషి మంచివాడని ఇంకో కాగితం. ఆదిలాబాదు జిల్లాలో ఉట్నూర్ వైపు వేస్తే మూడోది కూడా కావాలనీ, అది కాగితం కాదనీ, దానికి నాలుగు కాళ్లుంటాయనీ అక్కడికి పోయిన తరువాత గానీ నాకు తెలియలేదు. ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను రిటైరైన రోజు సభలో ఒక పెద్దమనిషి లేచి, "వీరు ఎవరి సాయమూ లేకుండా, ఒక్క పుస్తకం చదివి గుర్రపు స్వారీ నేర్చుకున్న మేధావి" అన్నాడు. నా మెడలో బంతిపూల దండ ఉంది, ఎదురుగా నా పిల్లలు కూర్చుని ఉన్నారు. నేను కాదనలేదు. పైగా తల ఊపాను (దండ గుచ్చుకుని ఊపాననుకోండి). ఆ మాట మొదట వచ్చింది నా నోటి నుంచే. అది అబద్ధం. ఆ అబద్ధం ఎవరి ఎదుట ఆడానో రాసి పెట్టకపోతే, రేపు నా మనవలు కూడా దాన్నే గొప్పగా చెప్పుకుంటారు. అందుకని ఈ నాలుగు కాగితాలు.

మాది కరీంనగర్‌కు నాలుగు మైళ్ల దూరంలో నేతగాళ్ల ఊరు. ఏడో తరగతి దాకా బడి, ఆ తరువాత మగ్గం. పగలంతా గుంటలో కాళ్లు పెట్టుకుని బాపు (మా నాన్న) పక్కన నేసేవాణ్ణి. పొద్దు వాలగానే నడిచి పట్నంలో గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ పుస్తకాలిచ్చే ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. (చుట్టరికం ఏమీ లేదు. మామా అంటే గడువు దాటినా ఏమీ అనడని కనిపెట్టాను.) తెలుగువీ ఉర్దూవీ వరసబెట్టి చదివాను. తేనెటీగల పెంపకం, గ్రహణాలు, పాముకాటు, ఈత. ఈత గురించి మూడు పుస్తకాలు చదివాను కాబట్టి నాకు ఈత వచ్చుననే నమ్మకం ఉండేది. మోకాలి లోతు దాటి ఎన్నడూ నీళ్లలోకి దిగలేదు గనుక ఆ నమ్మకానికి భంగమూ కలగలేదు. అలా చదివి చదివి, ప్రైవేటుగా పరీక్ష కట్టి పాసై, ఇరవై రెండేళ్లకు నౌకరీ సంపాదించాను. అడవి గూడేల్లో కొత్తగా పెట్టిన బడులు నడుస్తున్నాయో లేదో తిరిగి చూసి రావడం పని. మా వాడలో మగ్గం విడిచి నౌకరీకి పోయిన మొదటివాణ్ణి నేనే.

ఉట్నూరులో మా పెద్దసారు పొడుగాటి మనిషి, మాటలు మాత్రం పొట్టివి. మొదటి రోజే నన్ను పైనుంచి కిందికి చూసి, "గుర్రం వచ్చునా?" అన్నాడు.

"చదువుకుంటాను సార్" అన్నాను.

ఆయన మూడు వేళ్లు ఎత్తి, "మూడు నెలలు. ఆ తరువాత సంత మైదానంలో నా ముందు ఎక్కి చూపించు. వస్తే నౌకరీ పక్కా. రాకపోతే ఇంటికి" అన్నాడు. గూడేలకు పోయేవి బండి కూడా ఎక్కని దారులు. ఉన్న జీపు ఒక్కటీ ఆయనది. ఇంటికి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నాకు మగ్గం మీద కోపం లేదు. కానీ "పుస్తకాలు సదివినోడు వాపస్ వచ్చిండు" అని వాడంతా అరుగుల మీదికి వచ్చి చూస్తుంటే ఆ సందులో నడిచి పోవడం నా వల్ల అయ్యేది కాదు. ఆ రోజే గ్రంథాలయం మామకు ఉత్తరం రాశాను, గుర్రాల గురించి ఏముంటే అది పంపమని.

పది రోజులకు బస్సు డ్రైవరు చేతికిచ్చి ఒక ఉర్దూ పుస్తకం పంపాడు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఎవరు రాశారో తెలియదు. అది మామ ఎవరి దగ్గరో అడిగి తెచ్చినది, రెండు వారాల్లో వాపసు చేయాలి కాబట్టి నోటుబుక్కులో నలభై పేజీలు ఎత్తి రాసుకున్నాను. అందులో సారం ఇది: దౌడు తీయడం, దూకడం తరువాతి సంగతి; ముందు చదునైన నేల మీద పని చెయ్యాలి. నిదానమైన నడక మీద గుండ్రంగా తిప్పాలి, గీత గీసినట్టు తిన్నగా నడపాలి, ఆపాలి, మళ్లీ నడపాలి. ఇంత రహస్యం ఉట్నూరులో నాకొక్కడికే తెలుసని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా ఆఫీసు గుర్రాలను చూసే సాయిసు ముసలాయన, పాత రాజ్యంలో సర్కారు గుర్రపు దళంలో పనిచేసినవాడు. అందరూ చాచా అనేవారు. నాకు ఇచ్చిన గుర్రం జమున, మరాఠీ సంతలో కొన్న గోధుమరంగు ఆడ గుర్రం. మెత్తని కళ్లు, మెత్తని స్వభావం. నేను నోటుబుక్కు పట్టుకుని పోయేసరికి చాచా దానికి మాలీసు చేస్తున్నాడు.

"చాచా, కొత్త పద్ధతి ఒకటి దొరికింది, వింటవా?" అన్నాను.

"సదువు బేటా" అన్నాడు, చేయి ఆపకుండానే.

నేను గొంతు సవరించుకుని, గుర్రాన్ని మొదలే ఉరికించరాదని ఒక వాక్యం చదివి ఊపిరి పీల్చుకునేలోగా, "సాపు జాగల నడక మీదనే గుండ్రంగ తిప్పాలె" అని ఆయన పూర్తి చేశాడు. ఉలిక్కిపడ్డాను. కుడి చుట్టు ఎన్ని తిప్పితే అని మొదలుపెట్టాను. "ఎడమ చుట్టు గన్నే తిప్పాలె. లేకుంటే ఒక్క దిక్కే వంగుతది" అన్నాడు.

"ఈ పుస్తకం చదివినవా చాచా?"

"నాకు అలీఫ్ సుత రాదు బేటా. గీ కితాబు రాసినోడు యాడ నేర్చిండో నేను సుత గాడనే నేర్చిన. గాయన కుర్సీల కూసొని రాసిండు, నేను దెబ్బలు తిని యాదుంచుకున్న. గంతే ఫరక్."

మరుసటి రోజు నుంచి వారానికి ఆరు రోజులు (ఏడో రోజు సంత) మైదానంలో మా పని. గుండ్రం, తిన్నన, ఆపడం, మళ్లీ గుండ్రం. పుస్తకంలో గుండ్రం వృత్తలేఖినితో గీసినట్టుండాలి. నాది వంకాయలా వచ్చేది. తిన్నన అన్నది కడెం వాగులా మెలికలు తిరిగేది. జమున రెండడుగులు కుడికి, రెండడుగులు ఎడమకు, మధ్యలో తల అడ్డంగా తిప్పి నా వైపు జాలిగా ఒక చూపు. నడకకూ దౌడుకూ మధ్య గెంతు నడక ఉంటుంది, చాచా దాన్ని దుల్కీ అనేవాడు. దుల్కీ మొదలుపెట్టిన మూడో అడుగుకు నేను నేల మీద ఉండేవాణ్ణి. దవాఖాన కంపౌండరు బెల్లంపల్లి మనిషి, నా గది పక్కగదిలో ఉండేవాడు. రోజూ సాయంత్రం గడపలో నిలబడి, "ఏం లైబ్రరీ, ఇయ్యాల ఎన్నో పేజీ కాడ కిందపడ్డవ్?" అని అడిగి, నవ్వుకుంటూనే మోకాళ్లకు టింక్చరు రాసేవాడు.

చిత్రమేమిటంటే చాచా ఎక్కితే అదే జమున దారం లాగినట్టు తిన్నగా పోయేది. ఆయన జీను విప్పి చూశాడు, నాడాలు చూశాడు, నోట్లో వేలు పెట్టి పళ్లు చూశాడు. నన్ను కూర్చోబెట్టి వీపు మీద గుద్ది నిటారుగా చేశాడు. చివరికి దిష్టి తగిలిందేమోనని మెడకు నిమ్మకాయ కట్టబోతే, జమున దాన్ని ఆయన చేతిలోనే కొరికి తినేసింది. నా నలభై పేజీల్లో ఈ రోగం లేదు. ఇక మూడు వారాలే ఉన్నాయి. పెట్టె సర్దుకోవడం ఎలాగో మనసులో ఆలోచించుకుంటున్న రోజుల్లో బాపు వచ్చాడు.

ఉత్తరం కూడా రాయకుండా, భుజాన మూటతో, బస్సు దిగి అడుగుతూ అడుగుతూ మైదానానికే వచ్చాడట. నేను చూడలేదు, జమున మీద మెలికలు తిరుగుతున్నాను. చాచా పక్కన బండ మీద కూర్చుని, కళ్లు చికిలించి నా వైపు చాలాసేపు చూశాడట. ఉన్నట్టుండి పెద్ద నవ్వు వినిపించింది. మా బాపు అలా నవ్వడం నేను పెళ్లిళ్లలో కూడా వినలేదు.

"ఆపురా, ఆపు! ఏం చేస్తున్నవో నీకెరికేనా?"

"స్వారీ, బాపూ."

"స్వారీ కాదు బిడ్డా, చీర నేస్తున్నవ్! కుడికాలు తొక్కుడు, ఎడమకాలు తొక్కుడు, నడుమల కుడిచేత్తోని తాడు గుంజుడు. నీ వొళ్లు ఊగుడు సూస్తేనే ఎరుకైంది. ఏదిరా, నాడె యాడున్నది?"

నేను కిందికి చూసుకున్నాను. మగ్గం గుంటలో ఎనిమిదేళ్లు రెండు చెక్కలు మార్చి మార్చి తొక్కిన కాళ్లు, నా వదులు పైజామాలో ఎవరికీ కనబడకుండా, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కుడికాలు నొక్కితే జమున ఎడమకు జరిగేది, ఎడమకాలు నొక్కితే కుడికి. అంతలో నా కుడిచేయి, పడుగులో అటూ ఇటూ దారం మోసే నాడెను అవతలికి విసరడానికి పగ్గం గుంజేది. జమున చెప్పినట్టే వింది పాపం. ఒకేసారి మూడు మాటలు చెప్పింది నేను.

చాచా నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! తమాం ఉమర్ గుర్రాలతోనే పాయె, గుర్రం మీద మగ్గం నేసేటోణ్ణి సూడలే!"

రోగం తెలిసింది కానీ కాళ్లకు తెలియలేదు. తొక్కొద్దు తొక్కొద్దు అనుకుంటూనే తొక్కేవాణ్ణి. అప్పుడు బాపు మూట విప్పి నూలు కండె ఒకటి తీశాడు. ఒంటి పోగు, చిటికెన వేలితో లాగితే తెగేది. ఒక పోగు నా కుడి మణికట్టు నుంచి జీను ముందుభాగానికి కట్టాడు. ఒక్కో చీలమండ నుంచి జీను పట్టీకి ఒక్కో పోగు కట్టాడు.

"మగ్గం మీద పోగు తెగితే ఏం జేస్తం?" అన్నాడు.

"ఆపుతం."

"ఆపకుంట నేస్తే?"

"బట్ట ఖరాబైతది."

"మరి గీడ ఎందుకు ఆపవు? తెగినకాడ ఆపు. నేను అతుకుత. మల్ల నడువ్."

మొదటి రోజు మైదానం దాటేసరికి మధ్యాహ్నమైంది. నాలుగు అడుగులు, ఫట్. ఆపు. బాపు వచ్చి ముడి వేస్తాడు. ఊఁ, నడువ్. మూడు అడుగులు, ఫట్. కంపౌండరు భోజనం మానుకుని చూడ్డానికి వచ్చాడు. ముడి వేసేటప్పుడు బాపు పోగు వైపు చూసేవాడే కాదు. ముఖం ఎటో పెట్టుకుని, నాతోనో చాచాతోనో మాట్లాడుతూ, వేళ్లతో తడిమి రెప్పపాటులో ముడి వేసేవాడు. "చూశినవా, మా బాపు కండ్లు మూసుకోని సుత అతుకుతడు" అని నేను కంపౌండరుకు గర్వంగా చెప్పాను.

నాలుగో రోజుకు ఒక వింత జరిగింది. పోగు తెగిన చప్పుడు నాకు వినబడేది కాదు గానీ జమునకు వినబడేది. బాపు ఆపు అనకముందే, నేను పగ్గం పట్టకముందే, అది తనంతట తాను ఆగి, చెవి వెనక్కి తిప్పి, ముడి పడేదాకా కదలకుండా నిలబడేది. అన్నిసార్లు ఆగి కదిలినందువల్ల కాబోలు, దాని నడకే మారిపోయింది. మెడ మెత్తబడింది, వెనక కాళ్లు ఒంటి కిందికి వచ్చాయి. నా నోటుబుక్కు తీసి చూస్తే, తిన్నగా నడపాలంటే ఆపడం మీదనే ఎక్కువ పని చెయ్యాలని ముప్పై ఒకటో పేజీలో నా చేత్తోనే రాసి ఉంది, కింద ఎర్ర సిరాతో గీత కూడా. గీత బాగా వచ్చింది; అది గీస్తూ విషయం చదవడం మరిచిపోయినట్టున్నాను. పన్నెండో రోజు గుండ్రం గుండ్రంగా వచ్చింది. కుడికి పది, ఎడమకు పది, దుల్కీలో మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు. మూడు పోగులూ తెగలేదు. చాచా బాపును వాటేసుకుని, "వాహ్ ఉస్తాద్!" అన్నాడు. నన్ను కాదు, బాపును.

పరీక్ష రోజు పొద్దున పోగులు బాపే విప్పాడు. "ఇంక ఇవి అక్కర లేవు" అన్నాడంతే. పెద్దసారు జీపు మైదానం అంచున ఆపుకుని బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నేను పగ్గం రెండుసార్లు సవరించుకున్నాను. జమునకు మాత్రం ఏమీ పట్టినట్టు లేదు. రోజూ వచ్చే మైదానమే, రోజూ వచ్చే మనిషే. నడిచాం. కుడి గుండ్రం, ఎడమ గుండ్రం. ఆపమన్నాడు, ఆపాను. దుల్కీ అన్నాడు, పోయాను. మైదానం పక్కనున్న వాగు దాటి రమ్మన్నాడు. వాగు నడుమ జమునకు చల్లగా అనిపించినట్టుంది, మోకాళ్లు వంచి నీళ్లలో పడుకోబోయింది. నేను మడమలు రెండూ ఒక్కసారి తాకించి, పగ్గం ముట్టకుండా, "చలో జమునా" అన్నాను. లేచింది. నడుము దాకా తడిసి వచ్చి ఆయన ముందు దిగాను. దిగినప్పుడు కిందపడలేదు, అది కూడా ఇక్కడ రాసుకుంటున్నాను.

పెద్దసారు తల పంకించి, "పక్కా" అన్నాడు. తరువాత ఆయన స్వభావానికి విరుద్ధంగా ఇంకో మాట అడిగాడు: "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావ్?"

బాపు నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో నూలు కండె, మోకాళ్ల దాకా దుమ్ము. పెద్దసారు చుట్టూ ఆఫీసు వాళ్లంతా ఉన్నారు. గుర్రం మీద మగ్గం తొక్కానని, దారాలు కట్టి మాన్పించారని చెబితే నవ్వుతారనుకున్నాను.

"పుస్తకం చదివి, సార్. సొంతంగా" అన్నాను.

"శభాష్" అని ఆయన నేనన్న ఆ మాటే నా ఫైలులో రాయించాడు. చాచా నా వైపు ఒకసారి చూసి, జమునను తీసుకుని పోయాడు. తిరిగి వచ్చే దారిలో బాపు ఏమంటాడోనని నేల చూపులు చూస్తూ నడిచాను. ఆయన నా వీపు మీద చేయి వేసి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. మగ్గం ముచ్చట చెప్తే సారుకు సమజ్ గాదు" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. తెల్లారి మొదటి బస్సుకు వెళ్లిపోయాడు. ఎందుకొచ్చాడో నేను అడగలేదు. నా పరీక్ష కోసమే అనుకున్నాను.

పీర్ల పండుగ సెలవులకు ఇంటికి పోతే మగ్గం మీద పడుగు లేదు. గుంట మీద చాప కప్పి ఉంది.

"మగ్గం ఉత్తగున్నదేందే అవ్వా?" అని మా అమ్మను అడిగాను.

"నేసేటోడు యాడున్నడు బిడ్డా? మీ బాపుకు పోగులు అవుపడ్త లేవు. ఏడాదాయె, నువ్వున్ననాడు సుత తడుముకుంటనే నేసిండు. నిన్ను తోల్కొని వస్తనని గద ఉట్నూరు పోయింది!"

"నాతోని చెప్పనే లేదు!"

"నేను సుత గదే అడిగిన. పోరడు గుర్రం నేర్చుకుంటుండు, నడుమల గీ ముచ్చట ఏం చెప్పాలె అన్నడు."

తడిమి తడిమి వేసిన ఆ ముడులన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. నేను నేర్చుకోలేకపోతే ఆయనకు ఇంట్లో మగ్గం నడిచేది. ఒక్క మాట అనకుండా ఊరుకున్నా చాలు, నేనే ఓడిపోయి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆయన మాత్రం పన్నెండు రోజులు ఆ ఎండలో నిలబడి, నేను ఇంటికి రాకుండా ఉండడానికి కావలసిన పని అంతా తన చేత్తో చేసి పోయాడు. చాప ఎత్తి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. నేను ఏడుస్తున్నానని అవ్వకు అర్థమైంది గానీ, ఆకలేస్తుందా అని అడిగింది.

ఆ నెలలోనే ఇద్దరినీ ఉట్నూరు తెచ్చుకున్నాను. బాపుకు వాడ లేక, పని లేక పొద్దు పోయేది కాదు. ఒకరోజు చాచా ఆయన్ను పట్టుబట్టి జమున మీద కూర్చోబెట్టాడు. నేను పరిగెత్తుకుని పోయి, "కండ్లు అవుపడనోణ్ణి ఎక్కిస్తవా చాచా!" అన్నాను. పైనుంచి బాపే జవాబిచ్చాడు: "నాకు అవుపడకుంటే ఏందిరా, దీనికి అవుపడ్తది గద." ఆయన వేలు కదిపితే జమున తిరిగేది, ఊపిరి బిగబడితే ఆగేది. అంత మెత్తగా పని నేర్చిన గుర్రాన్ని నేను ఆ తరువాత చూడలేదు. దగ్గరి గూడేలకు పోయినప్పుడల్లా బాపు గుర్రం మీద, నేను బడి పుస్తకాల సంచితో పక్కన నడక. గూడెం వాళ్లు సహజంగానే ఆయనే పెద్దసారనుకుని మంచం వాల్చి, నీళ్లిచ్చేవారు. నేను సర్దిచెప్పబోతే బాపు చేయెత్తి ఆపి, పిల్లలను దగ్గరికి పిలిచి, "ఏదీ, సదువుండ్రి" అనేవాడు. ఏం చదివినా "మంచిగున్నది" అనేవాడు. ఆ బడులకు అంత మంచి రిపోర్టులు ఎన్నడూ రాలేదు.

అలాంటి ఒక దారిలో ధైర్యం చేసి అన్నాను. "బాపూ, గానాడు సారుతోని గట్ల చెప్పుడు నాది తప్పాయె."

"ఏనాడు?" అన్నాడు. "ఏం చెప్పినవ్?" నిజంగా మరిచాడో, మరిచినట్టు నటించాడో, ముఖం పైన ఎండకు ఎదురుగా ఉంది, కనబడలేదు.

జీపులు పెరిగి గుర్రాలు పోయి చాలా కాలమైంది. నాకిప్పుడు ఆనాటి బాపు కన్నా ఎక్కువ వయసు. మోకాళ్లు గుర్రం కాదు కదా, బస్సు మెట్టు ఎక్కడానికే బతిమాలించుకుంటున్నాయి. అయినా ఆ ఇరవై రెండేళ్ల పోరడు తడిసిన పైజామాతో "సొంతంగా" అన్న ఆ క్షణం తలచుకుంటే చెవి పట్టి మెలిపెట్టాలనిపిస్తుంది. అంతలోనే నవ్వు వస్తుంది. కాబట్టి ఆలస్యంగానైనా ఇక్కడ రాస్తున్నాను: నాకు స్వారీ నేర్పడంలో సాయపడినందుకు, గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం మామకు, నా రహస్యాన్ని నాకన్నా ముందే చెప్పేసిన చాచాకు, మోకాళ్లకు టింక్చరుతో పాటు నవ్వు కూడా పూసిన బెల్లంపల్లి కంపౌండరుకు, పొట్టి మాటల పెద్దసారుకు, ఆకలేస్తుందా అని అడిగిన అవ్వకు, ఆగడం తెలిసిన జమునకు కృతజ్ఞతలు. బాపుకు మాత్రం చెప్పను. ఎన్నడైనా ఆయన ఎదుట నిలబడి ఆ మాట అని ఉంటే, నా నుదుటి మీద చేయి పెట్టి చూసి, "ఏందిరా, జెరమొచ్చిందా?" అనేవాడు.